ఐదో తీగ

"ఉన్నదానికి నాలుగు తీగలున్నాయిగా! ఇంకొక్క తీగ కోసం పదివేల డాలర్లా?" అంది మా ఆవిడ.

శనివారం పొద్దున్న, పెసరట్టు తింటూ, వీలు చూసుకుని విషయం బయటపెట్టాను. ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కాసేపు పోట్లాడుకుని ఎవరో ఒకరం గెలిచేవాళ్ళం, సంగతి అక్కడితో తేలిపోయేది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. సంసారంలో ఇంతకంటే ప్రమాదకరమైన ప్రశ్న ఉండదు. జవాబు చెబుదామని నోరు తెరిచి, నా దగ్గర జవాబు లేదని గ్రహించి, ఇంకో అట్టు వేయించుకున్నాను. ఆ జవాబు వెతుక్కోవటానికి నాకు రెండేళ్ళ పైనే పట్టింది. దొరికినంత వరకూ ఇక్కడ రాస్తున్నాను.

వృత్తిరీత్యా నేను డేటాబేసుల వాణ్ణి, ప్రవృత్తిరీత్యా బేసు వాణ్ణి. న్యూజెర్సీలో మా తెలుగు సంఘం ఉగాదికీ, దీపావళికీ పెట్టే కార్యక్రమాల్లో పాటలకి బేస్ గిటార్ వాయిస్తాను. స్టేజి మీద వెనక వరసలో, డ్రమ్స్ పక్కన, స్పీకరు నీడలో నిలబడే శాల్తీని నేనే. కార్యక్రమం వీడియోల్లో నా కుడి మోచెయ్యి చాలా బాగా కనిపిస్తుంది. బాగా వాయించిన రోజున ఎవరూ ఏమీ అనరు. తప్పు వాయించిన రోజున కూడా ఎవరూ ఏమీ అనరు గానీ, పాట పాడేవాళ్ళు ఎందుకో ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు. కచేరీలో తంబురా లాంటిది మా పని. మోగినంతసేపూ ఎవరికీ పట్టదు, ఆగిపోతే అందరికీ ఏదో వెలితిగా ఉంటుంది.

తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. లియో ఫెండర్ అనే ఆయన 1951లో ప్రెసిషన్ బేస్ అనే వాయిద్యాన్ని అమ్మకానికి పెట్టాడు. అప్పటిదాకా మంద్రస్వరాలు కావాలంటే మనిషెత్తున ఉండే డబుల్ బేస్‌ని మోసుకు తిరగాల్సి వచ్చేది. దాన్ని భుజాన వేలాడేసుకునే గిటార్‌గా మార్చాడాయన. నాలుగు తీగలు. అన్నిటికంటే కింది తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. ఆ తరవాత 1965లో అదే కంపెనీ ఐదు తీగల బేస్ కూడా తెచ్చింది గానీ, ఆ ఐదోది పైస్థాయికి చేర్చిన సన్న తీగ. అది పెద్దగా నిలబడలేదు. కిందికి, అంటే మంద్రం కిందకి ఐదో తీగ చేర్చటం 1970లలో మొదలై, 1980లలో సింథసైజర్లు వచ్చాక ఊపందుకుంది. కీబోర్డు మీద ఎడమచేత్తో ఎంత కిందికైనా వెళ్ళొచ్చు. నాలుగు తీగల వాడు ఆ లోతుకి దిగలేక గట్టు మీదే నిలబడిపోయేవాడు. ఐదో తీగ సెకనుకి 31 సార్లు కంపిస్తుంది. మన చెవికి వినబడే హద్దు సుమారు ఇరవై. మన వాళ్ళు అనుమంద్రం అంటారే, ఆ వాకిట్లో ఉంటుందన్నమాట.

మన పాటలకి దీనితో అవసరం ఉందా అంటే, ఉంది. మా సంఘంలో పాడే ఒక పెద్దాయన ఒకటిన్నర శ్రుతిలో పాడతారు. ఆయన పల్లవి ముగించి షడ్జమం మీద ఆగినప్పుడు, ఆ షడ్జమాన్ని కింది నుంచి రెండు చేతులా పట్టుకోవాలనిపిస్తుంది. నా నాలుగు తీగల బేస్ మీద అంత కిందికి ఆ స్వరం లేదు. దాని పై స్థాయిలో వాయించి సరిపెడతాను. ఐదో తీగ ఉంటే, రెండో మెట్టు మీద వేలు పెడితే చాలు. ఇది నా వైపు వాదనలో అన్నిటికంటే బలమైన ముక్క. ముందే చెప్పేశాను. ఇక మిగిలినవి దీనికంటే బలహీనమైనవే.

ఐదు తీగలున్న బేస్ వెయ్యి డాలర్ల లోపే వస్తుంది. మరి పదివేలెందుకు? ఈ ప్రశ్న పట్టుకుని ఒక ఏడాది పాటు షాపులన్నీ తిరిగాను. నేర్చుకున్నది ఇది.

తీగ స్వరం మూడు సంగతుల మీద ఆధారపడుతుంది: పొడుగు, బరువు, బిగువు. కిందిస్వరం కావాలంటే తీగని లావు చెయ్యాలి, లేదా పొడుగు చెయ్యాలి, లేదా వదులు చెయ్యాలి. వదులు చేస్తే పులుసులో ములక్కాడలా అవుతుంది. మరీ లావు చేస్తే తీగ ఇనప ఊచలా బిరుసెక్కి స్వరం మసకబారుతుంది. మామూలుగా వాడే ఐదో తీగే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు లావుంటుంది. ఇక మిగిలింది పొడుగు. మామూలు బేస్ మీద మోగే తీగ పొడుగు 34 అంగుళాలు. దాన్ని 35 చేస్తే అదే తీగ, అదే స్వరానికి, ఆరు శాతం ఎక్కువ బిగువు మీద నిలుస్తుంది. కెనడాలో డింగ్‌వాల్ అనే కంపెనీ వాళ్ళు మెట్లని విసనకర్రలా ఏటవాలుగా పరిచి, పై తీగకి 34 అంగుళాలు, కింది తీగకి 37 అంగుళాలు ఇస్తారు. అప్పుడు కింది తీగ బిగువు పద్దెనిమిది శాతం పెరుగుతుంది. తీగ బిగిసినకొద్దీ మాట స్పష్టంగా వస్తుంది. కానీ మెడ పొడుగైనకొద్దీ నా చెయ్యి సాగాలి. యాభై ఏళ్ళు దాటిన భుజం దానికి ఒప్పుకోవాలి.

తరవాత చెక్క. మెడని ఒంటికి మరలతో బిగించవచ్చు, జిగురుతో అతకవచ్చు, లేదా మెడా వెన్నూ ఒకే దూలంగా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తీసుకుపోవచ్చు. ఈ మూడో పద్ధతి చూసినప్పుడు నాకు బొబ్బిలి వీణ గుర్తొచ్చింది. గొల్లపల్లిలో వీణని ఒకే పనస మొద్దులోంచి, కుండా దండీ కలిపి చెక్కుతారు. ఎక్కడా అతుకుండదు. ఆ తరవాత మెట్ల నునుపు, తీగల మధ్య ఎడం, వాయిద్యం మొత్తం బరువు. పది పౌన్లది భుజాన వేసుకుని మూడు గంటలు నిలబడితే మర్నాడు ఆఫీసులో మెడ తిరగదు.

చవక ఐదు తీగల వాటిల్లో నేను చూసినంతలో నాలుగు తీగలు పలుకుతాయి, ఐదోది దగ్గుతుంది. మంచివాటిల్లో ఐదూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. తేడా ఉంది. కల్పన కాదు. కాకపోతే నిజం చెప్పాలి కదా: నా చెవికి ఆ తేడా వెయ్యి నుంచి నాలుగు వేల దాకా ఎక్కేటప్పుడు బాగా వినిపించింది. నాలుగు నుంచి పదికి వెళ్ళేటప్పుడు ఎక్కువగా కనిపించింది. అంటే కంటికి. నెమలి కంఠంలా మెరిసే మేపుల్ పలక, చేత్తో సానబట్టిన అంచులు, పేరున్న చేతి సంతకం. బ్రూక్లిన్‌లో 1983 నుంచీ బేస్‌లు చేస్తున్న ఫొడేరా వాళ్ళ వాయిద్యం ఒకటి న్యూయార్కు షాపులో చేతికిచ్చారు. ఐదో తీగ ఒక్కసారి మీటాను. ఆ స్వరం స్పీకరులోంచి కాదు, నేలలోంచి వచ్చి అరికాళ్ళలో మొదలైంది. మరీ అంత బాగుండకపోతే బాగుండేదనిపించింది.

మా ఆవిడ ప్రశ్న మళ్ళీ అక్కడ మొదలైంది.

మొదటి అభ్యంతరం ఆడమ్ స్మిత్‌ది. అర్థశాస్త్రం రాయకముందు, 1759లో, నీతి గురించి ఒక పుస్తకం రాశాడాయన. అందులో ఒక గడియారాల పిచ్చివాడున్నాడు. రోజుకి రెండు నిమిషాలు వెనకబడే గడియారాన్ని రెండు గినీలకి అమ్మేసి, పదిహేను రోజులకి ఒక్క నిమిషం కూడా తప్పనిదాన్ని యాభై గినీలకి కొంటాడు. కొన్నాక వేళకి వస్తాడా అంటే, అందరిలాగే ఆలస్యంగా వస్తాడు. అతనికి కావాల్సింది వేళ తెలియటం కాదు, వేళ చెప్పగలిగే యంత్రం నైపుణ్యం. ఇది చదివి పుస్తకం మూసేశాను. రెండున్నర శతాబ్దాల కిందటి స్కాట్లండు పెద్దమనిషికి నా గురించి ఎలా తెలిసిందో అర్థం కాలేదు.

దీనికి తోడు ఇంకొకటి. ఇండియానాపొలిస్‌లో 2010లో ఒక ప్రయోగం చేశారు. 21 మంది వయొలిన్ విద్వాంసుల కళ్ళకి నల్లద్దాలు పెట్టి, పాత ఇటలీ వయొలిన్లూ, కొత్తగా చేసినవీ చేతికిచ్చారు. ఎక్కువమంది కొత్తవాటినే ఇష్టపడ్డారు. అందరికంటే తక్కువ మెప్పు పొందింది ఒక స్ట్రాడివేరియస్! ఇక మా బేస్ వాళ్ళ కులదైవం జేమ్స్ జేమర్సన్ ఉన్నాడు. 1960లలో డెట్రాయిట్ మోటౌన్ పాటలకి వెన్నెముక ఆయనే. ఫ్యాక్టరీలో అందరికోసం చేసిన 1962 ఫెండర్ ప్రెసిషన్ ఒకటి పెట్టుకుని, ఒక్క చూపుడువేలితో మీటి, తీగలు తెగితే తప్ప మార్చకుండా, ప్రపంచం చేత గంతులేయించాడు. నాలుగే తీగలు. మరి నాకెందుకు ఐదు?

పోనీ, ఇదంతా సామర్థ్యం సంగతి. దీనికంటే లోతైన ప్రశ్న హక్కుది. రాజనీతి మీద రాసిన పుస్తకంలో అరిస్టాటిల్ అడుగుతాడు: మంచి వేణువులు ఎవరికివ్వాలి? గొప్ప ఇంట్లో పుట్టినవాడికా, అందగాడికా? కాదు, బాగా ఊదేవాడికి. వేణువు పుట్టింది అందుకే కాబట్టి. అమర్త్య సేన్ 2009లో వచ్చిన తన న్యాయ గ్రంథంలో ఈ వేణువుని ముగ్గురు పిల్లల మధ్య పెట్టాడు. ఒకరికి ఊదటం వచ్చు. ఒకరికి ఆడుకోవటానికి ఇంకేమీ లేదు. ఒకరు దాన్ని స్వయంగా తయారుచేశారు. ఎవరికివ్వాలి? ముగ్గురి వాదనలోనూ న్యాయం ఉందంటాడాయన. నేను గమనించిందేమిటంటే, ఆ ముగ్గురిలో నేను లేను. నాకు వాయించటం అంతంతమాత్రం. ఆడుకోవటానికి బోలెడున్నాయి. తయారుచేసిందీ నేను కాదు. చేసినవాడికి డబ్బిస్తున్నాను, అది అతని ఇంటి అద్దె, ఆ మాట నిజమే. కానీ నా దగ్గరున్నది క్రెడిట్ కార్డు ఒక్కటే. సేన్ కథలో నాలుగో పిల్లవాడు ఉంటే అది నేను: ఏ హక్కూ లేకుండా కొనుక్కోగలిగినవాడు.

అరిస్టాటిల్ మాట వినగానే నాకు మా మాస్టారు గుర్తొచ్చారు.

నేను 1986లో కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు ఆయన ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవారు. పెళ్ళిళ్ళు, వినాయకచవితి పందిళ్ళు, తీర్థాలు. కలకత్తా నుంచి తెప్పించిన నాలుగు తీగల బేస్, మెడ కాస్త వంగింది. దాని మీద ఇళయరాజా పాటలు వాయిస్తుంటే, పాడేవాళ్ళని వదిలేసి నేనొక్కణ్ణీ ఆయన వేళ్ళకేసి చూస్తూ నిలబడేవాణ్ణి. ఒకరోజు ఆయనే పిలిచి, "ఏరా అబ్బాయ్, అస్తమానూ నా చేతులకేసి చూస్తావేంటి? ఉంగరం పోయిందా?" అన్నారు. అలా మొదలైంది. నాకొచ్చిన నాలుగు ముక్కలూ ఆయన పెట్టిన భిక్షే.

తరవాత నేనిటు వచ్చేశాను. అటు కీబోర్డులు మారిపోయాయి. కీబోర్డు వాయించే అతనే ఎడంచేత్తో బేస్ నడిపించేస్తుంటే, ఇంకో మనిషికి కూలి ఎందుకని ఆర్కెస్ట్రాలు అనుకున్నాయి. అనుకోవటంలో తప్పు లేదు. మాస్టారు ఇళ్ళకి వెళ్ళి పిల్లలకి గిటారూ, కీబోర్డూ నేర్పుకుంటూ బతికారు.

అరిస్టాటిల్ తీర్పు ప్రకారం ఆ పదివేల డాలర్ల బేస్ ఆయనకి చెందాలి. ఇందులో నాకు సందేహం లేదు. ఆ ఉత్సాహంలో 2021లో ఒక రాత్రి ఫోన్ చేశాను.

"మాస్టారూ, మీకో మంచి బేస్ పంపిద్దామనుకుంటున్నాను. ఐదు తీగలది."

"ఎంతుంటుందేంటి?"

చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. లైను కట్ అయిందేమో అనుకున్నాను.

"ఒరే, దాన్ని నేనేం చేసుకోను? మా వీధిలో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలీదు. సముద్రపు గాలికి గేటు తాళాలే తుప్పు పడతాయి. దొంగల భయం ఒకటి. రాత్రిళ్ళు దానికి కాపలా పడుకోవాలి. అయినా నాకు లేంది బేస్ కాదురా. వాయించడానికి పాట లేదు. పక్కన డ్రమ్ము కొట్టేవాడు లేడు. నలుగురూ కూర్చునే చోటు లేదు. నువ్వు బంగారప్పళ్ళెం పంపిస్తానంటున్నావు, ఇక్కడ అన్నం వండట్లేదు."

నాకు మాట రాలేదు. ఆయనే మళ్ళీ అడిగారు.

"సర్లే, నువ్వెంతసేపు వాయిస్తున్నావు రోజుకి?"

రోజుకి! ఉగాది ముందు నాలుగు వారాలు, వారానికి రెండు గంటల రిహార్సల్. ఏడాది మొత్తానికి లెక్కేస్తే సిగ్గేసింది. వాయించిన గంటలకంటే వాయిద్యాల గురించి చదివిన గంటలు పదింతలుంటాయి. నసిగాను. మాస్టారికి అర్థమైపోయింది. తిట్టలేదు. "సరే, పాతదాని మీద వాయించు ముందు. అది చాలకపోతే అదే చెబుతుంది" అన్నారు.

ఈ మాట గురించి చాలా ఆలోచించాను. అది చాలకపోతే అదే చెబుతుంది. అంటే, ఐదో తీగని అడగాల్సింది ఎవరు? కొనేవాడా, పాటా? మా పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్‌నే తీసుకోండి. మాండొలిన్‌కి మామూలుగా నాలుగు జతల తీగలుంటాయి. ఆయన ఆ జతలు తీసేసి, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఐదు ఒంటితీగలు పెట్టుకున్నాడు. గమకం పలకాలంటే జత తీగ అడ్డం. మంద్రం అందాలంటే ఇంకో తీగ కావాలి. అక్కడ ఐదో తీగని అడిగింది కర్ణాటక సంగీతం. 1980లలో బేస్‌కి ఐదో తీగని అడిగింది అప్పటి పాటల లోతు. నా విషయంలో అడుగుతున్నది ఎవరు? నా ఒకటిన్నర శ్రుతి పెద్దాయన ఒక్కరు, ఏడాదికి రెండు పాటల్లో. మిగతాదంతా షాపులో నా అరికాళ్ళకి తెలిసిన ఆ సుఖం.

సుఖం తప్పా? తప్పని నేననుకోను. కానీ దానికి అవసరం అని పేరు పెట్టి ఇంట్లోకి తెస్తున్నాను చూశారా, అక్కడుంది తప్పు. మా ఆవిడతో పోట్లాడలేకపోయింది అందుకే. అబద్ధం నోటి దాకా వచ్చి ఆగింది.

ఇంతకంటే కఠినమైన ప్రశ్న ఇంకొకటుంది. దాన్ని దాటేసి పోతే ఈ వ్యాసం రాయటం దండగ. పీటర్ సింగర్ 1972లో రాసిన ప్రసిద్ధమైన వ్యాసం అది. లోతులేని కుంటలో పసివాడు మునిగిపోతుంటే బట్టలు పాడవుతాయని చూస్తూ ఊరుకుంటామా? ఊరుకోం. మరి ఆ పసివాడు కళ్ళెదుట కాకుండా వేల మైళ్ళ దూరంలో ఉంటే? దూరం వల్ల నీతి మారదంటాడాయన. పదివేల డాలర్లతో ఎందరు పిల్లలకి ఏమేం చెయ్యవచ్చో నాకు తెలియనిది కాదు. మన పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్ళకి అది లెక్క కాదు, ముఖాలు.

దీనికి నేను చెప్పుకున్న సమాధానాలు చాలా ఉన్నాయి. గ్రానైటు వంటగట్లకీ, పెళ్ళిరోజు వజ్రాలకీ, అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి తీసుకున్న బాంక్వెట్ హాలుకీ ఎవరూ ఈ ప్రశ్న వెయ్యరు, నా గిటారుకే ఎందుకు వెయ్యాలి? ఒకరోజు ఇదే మాట మా ఆవిడతో అన్నాను. "వాళ్ళని ఎవరూ అడగకపోతే నువ్వు జవాబు చెప్పక్కర్లేదనా?" అంది. నిజమే. పక్కవాడి బాకీ చూపించి నా బాకీ కొట్టేయించుకోలేను. ఇంకొకటి: కళ లేకుండా ప్రపంచం ఉత్త ఆసుపత్రి అయిపోతుంది, ఎవరో ఒకరు వాయించాలి. ఇదీ నిజమే గానీ, దీనికి నాలుగు తీగలు చాలు. సింగర్‌కి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. సమాధానం లేదని ఒప్పుకున్నాక ఒకటి మాత్రం జరిగింది: కొనే ప్రతి వస్తువు పక్కనా ఆ కుంట కాస్త కనిపిస్తూ ఉంటుంది. చేతులు దానంతటవే కొంచెం తగ్గుతాయి. అంతకుమించి గొప్పలు చెప్పుకోను.

చెక్క సంగతి కూడా అలాంటిదే. మెడ మీది పలకకి రోజ్‌వుడ్ వాడటం ఆనవాయితీ. అడవులు తరిగిపోతుంటే ఆ జాతి చెట్లన్నిటి కలప మీదా 2017లో అంతర్జాతీయ ఒప్పందం కింద ఆంక్షలు పెట్టారు. తయారైన వాయిద్యాలకి 2019లో మినహాయింపు ఇచ్చారు. చట్టం వదిలేసింది కదా అని చెట్టు తిరిగి మొలవదు.

చివరికి ఏం చేశానంటే, మాస్టారి మాటే పట్టుకున్నాను. ఒక ఏడాది పాత బేస్ మీద రోజూ నలభై ఐదు నిమిషాలు వాయిద్దామని ఒట్టు పెట్టుకున్నాను. బేస్‌మెంట్‌లో గోడకి కాలెండరు తగిలించి, వాయించిన రోజున సున్నా చుట్టాను. 2022లో మొత్తం 211 సున్నాలు. ఒట్టు నిలబడలేదు, కానీ పూర్తిగా పడిపోలేదు కూడా. ఆ ఏడాదిలో తెలిసిందేమిటంటే, ఫలానా పాటలో పాత వాయిద్యం వల్ల రావటం లేదనుకున్న చాలా స్వరాలు నా ఎడమచేతి చిటికెనవేలి వల్ల రావటం లేదు. వేలు మాట విన్నాక పాతది ఎంతో బాగా పలికింది. అయినా ఒకటిన్నర శ్రుతి షడ్జమం దగ్గర మాత్రం అది నిజంగానే చేతులెత్తేసింది. మాస్టారన్నట్టు, అదే చెప్పింది.

2023 వసంతంలో ఒకరు వాడి అమ్మేస్తున్న ఐదు తీగల బేస్ కొన్నాను. 35 అంగుళాలది, మేపుల్ పలకది, నెమలి కంఠం లేనిది. పదివేలలో మూడో వంతు కూడా కాలేదు. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంట్లో చిన్న స్పీకర్ల మీద వింటే ఆ 31 కంపనాల స్వరం అసలు బయటికే రాదు. వాటికి అంత లోతు చేతకాదు. కానీ పై అనుస్వరాలని బట్టి మన చెవి లేని ఆ మూలస్వరాన్ని తనే కల్పించుకుని వింటుంది. డబ్బు పోసి కొన్న స్వరాన్ని సగం మంది శ్రోతలకి వాళ్ళ చెవులే ఉచితంగా ఇస్తున్నాయన్నమాట. మా ఆవిడకి చెబితే, చాలాసేపు నవ్వింది.

వాయిద్యం కొన్నాక వాయిదాలు మొదలవుతాయి. డాలర్ల వాయిదాలు కావు, రోజుకి నలభై ఐదు నిమిషాలవి. అవి కట్టినన్నాళ్ళూ ఆ వస్తువు నాది. కట్టటం మానేస్తే, కాగితం మీద ఎవరి పేరున్నా, అది నాది కాదు.

కొత్తది కొన్నానని మాస్టారికి చెప్పాను. సంతోషించారు. వెంటనే, "మరి పాతదేం చేస్తావు?" అన్నారు.

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. పదిహేడేళ్ళు వాయించిన వాయిద్యం. నా మొదటి ఉద్యోగం పోయిన నెలలో కూడా అమ్మనిది. "ఉంచుకుంటానండీ, జ్ఞాపకంగా" అన్నాను.

"ఇక్కడో పిల్లుందిరా. కీబోర్డు నేర్పమని పంపారు. వాళ్ళ నాన్నకి టిఫిను బండి. ఎంత చెప్పినా కుడిచెయ్యి వాయించదు, అస్తమానూ ఎడంచేత్తో కిందే తిరుగుతుంది. నా పని లాక్కున్న ఎడంచెయ్యే అది, చూసుకో! కానీ ఆ పిల్ల చెవి బేస్ చెవి."

పదివేల డాలర్ల బేస్ మాస్టారికి పంపిస్తానన్నప్పుడు నాకు క్షణం కూడా పట్టలేదు. నా చేతిలో లేనిదాన్ని ఇవ్వటం ఎంత తేలిక! నాలుగు వందల డాలర్లు కూడా పలకని ఈ పాతదాన్ని ఇవ్వటానికి మూడు వారాలు పట్టింది. రోజూ కిందికి వెళ్ళి దాన్ని ఒకసారి చూసి వచ్చేవాణ్ణి. ఇన్నాళ్ళూ కొనటం గురించి వేదాంతం చదువుకున్నాను. నా పరీక్ష కొనటంలో లేదు.

2024 సంక్రాంతికి దాన్ని గట్టి పెట్టెలో పెట్టుకుని కాకినాడ తీసుకెళ్ళాను. మాస్టారింట్లో ముందు గది. ఆయన పాత ఆంప్లిఫయరు గుర్రుమంటోంది. ఆ అమ్మాయికి పదమూడేళ్ళుంటాయి. వాయిద్యం ఆమె కంటే ఒక చెయ్యి మాత్రమే పొట్టి. పట్టీ భుజాన వేసుకుని, ఎవరూ చెప్పకుండానే కింది తీగ మీద బొటనవేలు ఆనించి, కాసేపు ఆ మోతని వింటూ ఊరుకుంది. తరవాత తను కీబోర్డు మీద నేర్చుకున్న ఒక పాట కిందిభాగం నెమ్మదిగా వెతుక్కుంటూ వాయించింది. రెండుచోట్ల తప్పింది. వెనక్కి వెళ్ళి సరిచేసుకుంది. మాస్టారు కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. ఆ మూడు నిమిషాలూ అక్కడ పాట ఉంది, తాళం ఉంది, కూర్చోటానికి చోటుంది.

అయిపోయాక ఆ పిల్ల నాకేసి తిరిగి అడిగింది.

"అంకుల్, ఐదు తీగలవి కూడా ఉంటాయంట గదా?"

మాస్టారు పగలబడి నవ్వారు. "ముందు ఈ నాలుగూ కానీవే!" అన్నారు.